ఇంట్లో మీరొక్కరే విశ్వాసి అయితే: ధైర్యంగా నిలబడడం ఎలా

నేను బాప్తిస్మం తీసుకున్న ఏడాది, సద్దుల బతుకమ్మ నాడు, మా అమ్మ గునుగుపూలు, తంగేడు ముందేసుకుని తాంబాళం పట్టుకుని కూర్చుంది. "రా బిడ్డా, పేరుద్దాం" అంది. పరకాల దగ్గర మా ఊరు. చిన్నప్పటి నుంచి ఆ గునుగుకు రంగులద్దేది నేనే. ఆ రోజు మాత్రం గడప మీదే నిలబడి పది నిమిషాలు ప్రసంగం చేశాను. విగ్రహాల గురించి, నరకం గురించి, కూడికల్లో విన్నదంతా ఒక్క ఊపులో అప్పజెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. తాంబాళం పక్కన పెట్టి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత బాపు నాతో ఏడాదిన్నర మాట్లాడలేదు.

ఆ వారం మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాను, ప్రభువు కోసం ఇంట్లో హింస పడుతున్నానని. అందరూ హల్లెలూయ అన్నారు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఆ రోజు నాకున్నది ధైర్యం కాదు, నోరు. ఆ తేడా తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈలోపు హనుమకొండలో, జమ్మికుంటలో, మంచిర్యాలలో, ఇంట్లో ఒంటరి విశ్వాసులుగా ఉన్న చాలామంది పిల్లలతో కూర్చుని మాట్లాడాను. వాళ్లకు చెప్పినవే ఇక్కడ వరసగా రాస్తున్నాను. వరస ముఖ్యం. చాలామంది నాలుగో పని ముందు చేసి, మొదటి పని ఎప్పటికీ చేయరు.

మొదటి పని: ఎదురవుతున్నది ఏమిటో విడదీసి చూడండి

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఈ ఆరు నెలల్లో మీ విశ్వాసం విషయంలో ఎవరేమన్నారో, ఏం చేశారో రాయండి. ప్రతి మాట పక్కన, ఆ మనిషి అలా ఎందుకన్నాడో మీకు తోచింది రాయండి. ఇదంతా ఒక్క పూట పని.

మనసులో ఉన్నది దాచకుండా రాస్తే, ఎక్కువ భాగం భయమే కనిపిస్తుంది. "ఊర్ల మొకం ఎట్ల సూపెట్టాలె", "నేను పోతే కొరివి ఎవడు పెడ్తడు", "నీ చెల్లెకు సంబంధం ఎట్లొస్తది". ఇవి క్రీస్తు మీద కోపంతో అన్నవి కావు. మీరు చేజారిపోతున్నారనే దిగులుతో అన్నవి. ఇంకొన్ని పాత తగాదాలు. పొలం గట్టు దగ్గరి గొడవ, అన్నదమ్ముల లెక్కలు, ఇప్పుడు "వీడు కిరస్తానం పుచ్చుకున్నడు" అనే పేరుతో బయటికొస్తాయి. మరికొన్ని మన నిర్వాకం మీద వచ్చిన కోపం. తెల్లవారుజామున ఐదింటికి మైకు పెట్టడం, పెళ్లికి పోయి భోజనం ముట్టకుండా రావడం, అత్తింట్లో దేవుండ్ల పటాలు తీసి అటక మీద పడేయడం. వీటికి తిట్లు పడితే అది హింస కాదు. పేతురు తన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో, ఏ కారణాలతో బాధ పడకూడదో చెబుతూ హంతకుడు, దొంగ పక్కనే పరుల జోలికి పోయేవాణ్ణి కూడా చేర్చాడు. ఆ వచనం మీద ప్రసంగం నేను చాలా తక్కువగా విన్నాను.

చివరికి మిగిలేది, నిజంగా క్రీస్తు పేరు కోసమే వచ్చే ద్వేషం. ఇది చాలామంది జీవితాల్లో తక్కువే. ఉన్నచోట మాత్రం ప్రమాదకరం. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇలా విడదీయడం ఎందుకంటే, ఒక్కోదానికి మందు వేరు. భయానికి ఓపిక, తగాదాకు పెద్దమనుషులు, మన తప్పుకు క్షమాపణ, ద్వేషానికి ప్రార్థనతో పాటు చట్టం. అన్నిటికీ ఒకే మందు పోస్తే ఉన్న ఇల్లు కూడా పోతుంది.

రెండో పని: ఎక్కడ ఆగాలో ఇంట్లో పండుగ లేని రోజున తేల్చుకోండి

అప్పటికప్పుడు వచ్చే ధైర్యాన్ని నేను నమ్మను. చుట్టాలంతా చూస్తుండగా, చిన్నాయన హారతి పళ్లెం ముఖం ముందు పెట్టినప్పుడు, ఎవరికైనా బుర్ర పనిచేయదు. అయితే గబుక్కున తీసుకుంటాం, లేదా గబుక్కున తోసేస్తాం. రెండూ తర్వాత బాధిస్తాయి.

అందుకే అదే నోటుబుక్కులో మూడు గడులు గీయండి. ఒకటి "ఇది చేయను", రెండోది "ఇది సంతోషంగా చేస్తాను", మూడోది "ఇంకా తెలియదు". మన దగ్గర ఏడాదిలో వచ్చేవన్నీ ఆ గడుల్లో పడాలి. పెత్రమాస నాడు పెద్దలకు బియ్యం ఇవ్వడం, బతుకమ్మ, దసరా జమ్మి, వినాయక చవితి చందా, బోనం, మేడారం మొక్కు, ఇంటికొచ్చిన ప్రసాదం, బొట్టు, ఆఖరికి తలకొరివి. ఒక్కోదాన్ని విడిగా ఆలోచించండి. ఇందులో పూజ ఎంత, ప్రేమ ఎంత, ఊరి మర్యాద ఎంత?

నా గడులు చెబుతాను. మీవి ఇలాగే ఉండాలని కాదు. పెద్దలకు బియ్యం ఇచ్చి, నీళ్లు వదిలి, చనిపోయినవాళ్లను కొలిచే పని నేను చేయను. కానీ ఆ రోజు ఇంటిల్లిపాదికీ వంట చేయడం, మా తాత కథలు పిల్లలకు చెప్పడం మానను. దసరా సాయంత్రం జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కే పిల్లలకు ఆశీర్వాదం ఇస్తాను, పెద్దవాళ్లకు అలాయ్ బలాయ్ ఇస్తాను. జమ్మి చెట్టు దగ్గర పూజకు నిలబడను. మేడారం పోయొచ్చిన పక్కింటివాళ్లు బంగారమని బెల్లం తెచ్చిస్తే "ఇది అమ్మవారికి పెట్టింది కదా అక్కా, నేను తీసుకోలేను, ఏమనుకోకు. ప్రయాణం ఎట్ల జరిగింది, రద్దీ బాగుందా" అని కూర్చోబెట్టి చాయ్ పోస్తాను. తినేవాళ్లూ విశ్వాసుల్లో ఉన్నారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక ఎనిమిది, పది అధ్యాయాల్లో పౌలు ఈ విషయాన్నే రెండు వైపుల నుంచి చూస్తాడు. అడగకుండా పెట్టింది తినమంటాడు, అర్పించిందని ఎవరైనా చెబితే ఆ చెప్పినవాడి కోసం ఆగమంటాడు. ఇంత సున్నితంగా ఆయన ఆలోచించిన చోట మనం కర్ర పట్టుకుని గీత గీయడం ఎందుకు?

బొట్టు విషయం "ఇంకా తెలియదు" గడిలో నాకు ఆరేళ్లు ఉంది. ఆ గడి ఖాళీగా లేకపోవడం తప్పేమీ కాదు.

బైబిల్లో ఈ గడులు గీసుకున్న ఇద్దరున్నారు. దానియేలు బబులోను వాళ్లు పెట్టిన పేరుకు పలికాడు, వాళ్ల విద్య చదివాడు, వాళ్ల రాజు దగ్గర ఉద్యోగం చేశాడు. రాజు భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆగినప్పుడు కూడా కేకలు వేయలేదు, పది రోజులు చూడండి అని పైఅధికారిని బతిమాలుకున్నాడు. రెండోవాడు నయమాను. కుష్ఠు నయమైన ఆ సేనాధిపతి ఎలీషాను ఒక మాట అడుగుతాడు. మా రాజు రిమ్మోను గుడిలో నా చేతి మీద ఆనుకుని మొక్కుతాడు, అప్పుడు నేనూ వంగక తప్పదు, దేవుడు నన్ను క్షమిస్తాడా అని. ప్రవక్త చీవాట్లు పెట్టలేదు. నెమ్మదిగా వెళ్లు అన్నాడు. కొత్తగా నమ్మినవాళ్లకు ఈ కథ నేను తప్పకుండా చెబుతాను. కొందరు పాస్టర్లకు ఇది నచ్చదు.

తలకొరివి గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లు ఎక్కువగా విరిగేది అక్కడే. మా సంఘంలో ఒక తమ్ముడు, ఇంటికి పెద్దకొడుకు. తండ్రికి ఆరోగ్యం బాగా లేదని తెలిసిన రోజే చిన్నాయన ఇంటికి వెళ్లి కూర్చున్నాడు. "బాపుకు ఏ లోటూ రానియ్య. దవఖాన ఖర్చు నాది, పాడె నేనే మోస్త, దినాలకు వచ్చినోళ్లందరికీ అన్నం నేనే పెడ్త. అగ్గి పెట్టుడు, పిట్టకు పెట్టుడు మాత్రం తమ్మితో చేపియ్యి చిన్నాయనా" అన్నాడు. చిన్నాయన ఆ రోజు తిట్టి పంపాడు. మళ్లీ వెళ్లాడు. నాలుగు నెలల్లో అయిదుసార్లు వెళ్లాడు. తండ్రి పోయిన రోజు వాకిట్లో గొడవ జరగలేదు. శవం ముందు మొదలుపెట్టే చర్చ కాదిది. మీరు పెద్దకొడుకైతే ఈ వాక్యం చదివిన వారంలోనే ఎవరితో మాట్లాడాలో చూసుకోండి.

మూడో పని: ఇద్దరు మనుషుల్ని వెతుక్కోండి

ఇద్దరు చాలు. ఒకరు మీకంటే వయసులో పెద్ద, ఇలాంటి ఇంటి నుంచే వచ్చినవాళ్లు. ఇంకొకరు మీ వయసువాళ్లు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసినా ఎత్తేవాళ్లు. పెద్దవాళ్లకు ఒక అర్హత తప్పనిసరి: మీరు తప్పు చేసినప్పుడు తప్పని చెప్పగలగాలి. యూట్యూబ్‌లో అరిచే ప్రసంగీకుడు ఈ పనికి పనికిరాడు. ఆయనకు మీ అమ్మ పేరు తెలియదు.

వారానికి ఒకసారి వాళ్లతో కలిసి ప్రార్థన చేయండి. ఏమని? అపొస్తలుల కార్యాలు నాలుగో అధ్యాయంలో, బెదిరించి వదిలిన రోజున శిష్యులు ఏమడిగారో చూడండి. బెదిరింపులు ఆపమని అడగలేదు, ధైర్యంగా మాట్లాడే శక్తినివ్వమని అడిగారు. ఆ ప్రార్థన అందరూ కలిసి చేసింది. ధైర్యం ఒక్కరికి విడిగా రావడం తక్కువ.

ఇంకో చిన్న మాట. నిద్ర, తిండి సరిగా చూసుకోండి. ఏలీయా చచ్చిపోతానని చెట్టు కింద పడుకుంటే దేవదూత మొదట ఉపదేశం చేయలేదు, లేపి రొట్టె పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు. ఇంట్లో గొడవల టెన్షన్‌తో మూడు రోజుల ఉపవాసం పెట్టుకుని, నాలుగో రోజు చిరాకుతో అమ్మ మీద అరిచేవాళ్లను చాలామందిని చూశాను.

నాలుగో పని: ఇంట్లో చెప్పండి

పద్దెనిమిది నిండనివాళ్లకు ముందుగా: దొంగచాటుగా బాప్తిస్మం తీసుకోకండి. ఎవరైనా పాస్టర్ తొందరపెడితే ఆయన మాట వినకండి. ప్రార్థనను, నమ్మకాన్ని ఎవరూ ఆపలేరు, నీళ్లు ఎక్కడికీ పోవు. మీ వల్ల ఆ ఊళ్లో మిగతా విశ్వాసులందరి మీదికి కేసు రావొచ్చు.

మేజర్లు కూడా పండుగ రోజు, పెళ్లి చూపుల రోజు, బాపు తాగి ఉన్న రోజు చెప్పకండి. మామూలు రోజు, రాత్రి అన్నాల తర్వాత, ఇంట్లో మీ మాట వినే మనిషితో మొదలుపెట్టండి. చాలా ఇళ్లలో ఆ మనిషి అక్కో, వదినో, నానమ్మో అయి ఉంటుంది. ముందు వాళ్లకు తెలిస్తే, తర్వాత గొడవైనప్పుడు మధ్యలో నిలబడతారు.

మాటలు చిన్నగా ఉండాలి. నా అనుభవంలో పనిచేసినవి దాదాపు ఇలా ఉంటాయి: "అమ్మా, నేను యేసుప్రభువును నమ్ముకున్న. ఎవ్వలు పైసలియ్యలే, ఎవ్వలు బలవంతపెట్టలే. నీ బిడ్డనే, నీ ఇంట్లనే ఉంట. పూజల మాత్రం కూసోలేను. మిగతా ఏ పనైనా చెప్పు, చేస్త." ఇంతే. దీని తర్వాత వచ్చే తిట్లకు జవాబు చెప్పకండి. మూడు రోజులు గడవనివ్వండి. ఆ మూడు రోజులూ ఎప్పటికంటే ఎక్కువ పనిచేయండి.

చెప్పకూడనివి కూడా ఉన్నాయి. మీరంతా నరకానికి పోతారని చెప్పకండి. మీ దేవుళ్లు రాళ్లని చెప్పకండి. మన సంఘాల్లో వాడే "అన్యులు" అన్న మాట ఇంట్లో, అసలు ఎక్కడా, వాడకండి. కన్నతల్లిని అన్యురాలని పిలిచి ఆమెకు ప్రేమ గురించి చెప్పలేం. పటాల జోలికి వెళ్లకండి. అవి మీవి కావు. జీతం వస్తుంటే ఇంట్లో ఇచ్చేది ఒక్క రూపాయి తగ్గించకండి. దశమభాగం మొదలుపెట్టి అమ్మ మందులకు కోత పెడితే, ఆమె దృష్టిలో మీ దేవుడు దొంగ. మార్కు సువార్త ఏడో అధ్యాయంలో, కొర్బాను, అంటే దేవునికి అర్పించేశాననే సాకుతో తల్లిదండ్రులకు ఎగ్గొట్టేవాళ్లను యేసు ఎలా తిట్టాడో చదవండి.

"ఇది తెల్లోల్ల మతం" అనే మాట తప్పకుండా వస్తుంది. వాదించడం కంటే డోర్నకల్ గురించి చెప్పండి. వరంగల్ నుంచి విజయవాడ వైపు రైలెక్కితే దారిలోనే వస్తుంది. అక్కడి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912లో అభిషిక్తుడయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్. ఆయన పూనికతో కట్టి 1939లో ప్రతిష్ఠ చేసిన ఆ చర్చిలో స్తంభాలు, గుమ్మటాలు మన గుళ్లను, మసీదులను గుర్తుకు తెస్తాయి కానీ లండన్‌ను గుర్తుకు తేవు. వీలైతే ఒక ఆదివారం బాపును తీసుకెళ్లి చూపించండి. అలా తీసుకెళ్లిన ఒకాయన తండ్రి, చర్చిలోకి మాత్రం రానని బయట చెట్టు కింద కూర్చుని, స్తంభాలు లెక్కపెట్టి వచ్చాడట.

కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం, బలవంతపు పెళ్లి దాకా వస్తే ఇక ఓపిక పట్టాల్సిన పని లేదు. 112కు ఫోన్ చేయండి. ఆడపిల్లలకు 181 ఉంది, పద్దెనిమిది లోపు పిల్లలకు 1098. ఒక ఊళ్లో తరిమితే ఇంకో ఊరికి పొమ్మని యేసే చెప్పాడు. పౌలును దమస్కు గోడ మీద నుంచి గంపలో దించారు. గంపలో దిగడం పిరికితనమని ఎవరైనా అంటే, గోడ మీద వాళ్లను నిలబెట్టి అడగాలి.

ఐదో పని: కాగితాల సంగతి

దీని గురించి మందిరాల్లో ఎవరూ మాట్లాడరు. మాట్లాడాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉండేది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవ్యంలోకి వచ్చిన ఎస్సీలు, వాళ్ల పిల్లలు బీసీ-సి కిందికి వస్తారు, అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్టీల హోదాకు మతంతో సంబంధం లేదు. కోయ, గోండు విశ్వాసులు ఈ విషయంలో బెంగపడనక్కర్లేదు. రిజర్వేషన్ కోసం మాత్రమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అంది. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలా అని చూడడానికి 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన కమిషన్ వేసింది.

ఈ నిబంధన అన్యాయమని నా అభిప్రాయం. నీళ్లలో మునిగి లేస్తే ఊళ్లో అంటరానితనం పోలేదు కదా. కానీ అన్యాయమైన నిబంధన ఉన్నంత మాత్రాన అబద్ధపు కాగితం నిజమైపోదు. ఉద్యోగం చేస్తున్నవాళ్లు, ఎన్నికల్లో నిలబడాలనుకునేవాళ్లు బాప్తిస్మానికి ముందే లాయరుతో మాట్లాడండి. ఏం పోతుందో తెలిసి, లెక్క వేసుకుని నిర్ణయించుకోండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని యేసు అడిగింది ఇలాంటి లెక్క గురించే. ఫీజు కట్టుకోలేని ఇంటి పిల్లల్ని ఈ విషయంలో మైకులో తిట్టే హక్కు, ఆ ఫీజు కట్టని ఏ బోధకుడికీ లేదు.

ఆరో పని: కాలేజీలో, ఆఫీసులో, వాడలో

ఇది తొందరగా చెప్పేస్తాను. అడిగినప్పుడు దాచకండి, అడగనప్పుడు రుద్దకండి. అదే పేతురు, అదే పత్రికలో, మీ నిరీక్షణకు కారణం అడిగినవాళ్లకు మృదువుగా జవాబు చెప్పమన్నాడు. అడిగించే బతుకు ముందు ఉండాలి. వాట్సాప్ స్టేటస్‌లో రోజూ తీర్పుదినం పెట్టేవాళ్లను ఎవరూ ఏమీ అడగరు, మ్యూట్ చేస్తారు. వినాయకుడి చందాకు వస్తే "విగ్రహానికి ఇయ్యలేను తమ్మీ, అన్నదానం రోజు మంచినీళ్ల డబ్బాలు నేను తెప్పిస్త" అని నేను అంటాను. మొదటి ఏడాది గొణిగారు. రెండో ఏడాది నుంచి వాళ్లే ఫోన్ చేసి ఎన్ని డబ్బాలో చెబుతున్నారు. ఇదీ వద్దనుకునేవాళ్లు ఉంటారు. మీ గడి మీది.

గుళ్ల దగ్గర, జాతరల దగ్గర కరపత్రాలు పంచకండి. కొన్ని పుణ్యక్షేత్రాల దగ్గర ఇతర మత ప్రచారాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్రంలోనే 2007లో చట్టం వచ్చింది. చట్టం లేని చోట కూడా, మన మందిరం గుమ్మం ముందు ఎవరైనా వచ్చి అలా చేస్తే మనకెలా ఉంటుందో చూసుకుంటే చాలు.

ఏడో పని: కూడిక ఆపడానికి ఎవరైనా వస్తే

హక్కు ఎంతవరకో ముందు తెలిసి ఉండాలి. రాజ్యాంగం 25వ అధికరణ మనస్సాక్షి స్వేచ్ఛను, మతాన్ని అవలంబించి, ఆచరించి, ప్రచారం చేసుకునే హక్కును ఇస్తుంది. శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. ప్రచారం చేసే హక్కులో ఇంకొకరిని మార్చే హక్కు లేదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి మన చేతులు శుభ్రంగా ఉండాలి. ప్రార్థనకు వస్తే బియ్యం, పైసలు ఇస్తామనకండి. రోగం పోతుంది, గోళీలు ఆపెయ్యమని ఎవరికీ చెప్పకండి. మైకుకు అనుమతి తీసుకోండి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా అసలు పెట్టకండి. ఇంట్లో పదిమంది పాట పాడుకోవడానికి మైకు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇవన్నీ సరిగా ఉన్నా కొందరు రావొచ్చు. అప్పుడు ఎవరేం చేయాలో ముందే పంచుకోండి. పిల్లల్ని, ముసలివాళ్లను ఒకరు లోపలి గదిలోకి తీసుకెళ్లాలి. వచ్చినవాళ్లతో ఒక్కరే మాట్లాడాలి, వీలైతే ఆ వాడలో అందరూ ఎరిగిన పెద్దమనిషి. ఒకరు 112కు ఫోన్ చేయాలి. ఒకరు ఫోన్‌లో వీడియో తీయాలి, కానీ ముఖం మీద పెట్టి కాదు. మన కుర్రాళ్లలో ఆవేశం ఉన్నవాణ్ణి ఒకరు పట్టుకుని కూర్చోవాలి. చివరి పని అన్నిటికంటే కష్టం. ఒక్క దెబ్బ మన వైపు నుంచి పడితే కేసు తలకిందులవుతుంది. దానికంటే ముందు, చెంప చూపమన్న ప్రభువు మాట పోతుంది.

ఖాళీ కాగితం మీద ఎవరు అడిగినా సంతకం పెట్టకండి. అదే రాత్రి కూర్చుని టైము, మనుషులు, మాటలు, పగిలిన వస్తువులు వరసగా రాసుకోండి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వండి. మతపరమైన కూడికను కావాలని భంగపరిస్తే భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్, ప్రార్థన స్థలాన్ని అవమానించాలని పాడుచేస్తే 298, బెదిరిస్తే 351. ఈ నంబర్లు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్నవి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఘటన వేరే స్టేషన్ పరిధిలో జరిగినా జీరో ఎఫ్‌ఐఆర్ రాయించుకోవచ్చు. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే ఫిర్యాదును పోస్టులో ఎస్పీకి పంపండి, వరంగల్, హనుమకొండ, జనగామ వాళ్లయితే పోలీస్ కమిషనర్‌కు. ఫిలిప్పీలో కొట్టి జైల్లో వేసి, పొద్దున గుట్టుగా పొమ్మంటే, పౌలు మేం రోమా పౌరులం, వాళ్లే వచ్చి బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. చట్టాన్ని అడగడం అవిశ్వాసం కాదు.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు వెలివేయడం, పని ఇవ్వొద్దని, కిరాణం ఇవ్వొద్దని చాటింపు వేయడం ఇంకో రకం దెబ్బ. ఆ కమిటీలకు చట్టపరంగా ఏ అధికారమూ లేదు. జరిమానా కట్టకండి. కట్టక తప్పకపోతే సాక్షులు లేకుండా కట్టకండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, నంబరు 15100. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు.

ఊరంతా శత్రువులని మాత్రం అనుకోకండి. డిచ్‌పల్లిలో 1915లో మొదలైన కుష్ఠు ఆసుపత్రి మిషనరీ డాక్టర్ ఇసబెల్ కెర్ నడిపింది. దానికి పెద్దఎత్తున డబ్బిచ్చినవాడు రాజా నర్సాగౌడ్, హిందువు. మీ వాడలోనూ ఒక నర్సాగౌడ్ ఉంటాడు. కష్టం రాకముందే ఆయన ఇంటికి వెళ్లి చాయ్ తాగి రండి.

ఎనిమిదో పని: భయపడి వెనక్కి తగ్గిన రోజున

ఇది తప్పకుండా వస్తుంది, అందుకే దీన్నీ పనుల్లో చేర్చాను. స్టాఫ్ రూములో ఎవరో "నువ్వు కూడా మారినవా ఏంది" అని నవ్వుతూ అడిగితే, "అబ్బే, ఊరికే పోత అప్పుడప్పుడు" అన్నాను. అప్పటికి నాకు బాప్తిస్మమై నాలుగేళ్లు. ఆ రాత్రి అన్నం దిగలేదు.

అలాంటి రోజు ముందు ఆ ఇద్దరిలో ఒకరికి ఫోన్ చేయండి. దాచుకుంటే కుళ్లుతుంది. తర్వాత యోహాను సువార్త 18, 21 అధ్యాయాలు పక్కపక్కన పెట్టి చదవండి. పేతురు బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయన శిష్యుణ్ణి కానన్నాడు. యేసు లేచాక ఒడ్డున మళ్లీ బొగ్గుల మంట వేసి, చేపలు కాల్చి, రా తిను అని పిలిచాడు. సంజాయిషీ అడగలేదు, ప్రేమిస్తున్నావా అని అడిగాడు. యూదుల పెద్ద నీకొదేము సంగతీ చూడండి. మొదట రాత్రి పూట చాటుగా వచ్చాడు. తర్వాత సభలో ఒక్క మాట అన్నాడు, అదీ చట్టం గురించి. చివరికి యేసు దేహాన్ని సమాధి చేయడానికి సుగంధ ద్రవ్యాలు మోసుకుని వచ్చాడు. అంత దూరం రావడానికి ఆయనకూ సమయం పట్టింది.

వీలైతే, తప్పించుకున్న ప్రశ్నకు వెనక్కి వెళ్లి జవాబు చెప్పండి. నేను వారం తర్వాత ఆ టీచర్ దగ్గరికే పోయి "మేడం, ఆ రోజు సరిగ చెప్పలే. నేను విశ్వాసినే" అన్నాను. ఆమె "తెలుసు లే, మీ టిఫిన్ డబ్బా తెరవకముందు కళ్లు మూసుకుంటరు గదా" అంది.

మా ఇంటి సంగతి ఇప్పుడు ఇలా ఉంది. అమ్మకు నేను ఎప్పుడో క్షమాపణ చెప్పాను, నమ్మినందుకు కాదు, ఆ రోజు మాట్లాడినందుకు. ఏటా సద్దుల నాడు పొద్దున్నే ఊరికి వెళ్లి చెలకల్లో గునుగు కోసుకొస్తాను, రంగులద్దుతాను. పేర్చేది, గౌరమ్మను పెట్టేది అమ్మ. వాళ్లు చెరువుకు వెళ్లినప్పుడు నేను ఇంట్లో బాపుకు మందులు ఇస్తూ కూర్చుంటాను. మొన్న పండుగకు వెళ్లేసరికి పొయ్యి పక్కన ఒక చిన్న గిన్నె మూత పెట్టి ఉంది. ఏంటని అడిగితే అమ్మ నా వైపు చూడకుండానే చెప్పింది.

"మలీద. దేవునికి పెట్టకముందే నీది తీసిపెట్టిన. తిను."